ఏడేళ్లుగా కోండా వాడుతున్నా, ఎక్కువగా ఏడిపించింది ఇదొక్కటే

2018లో బెంగళూరు వచ్చిన దగ్గర్నుంచి పైథాన్ పనులన్నిటికీ కోండానే వాడుతున్నా, అంటే ప్యాకేజీలు ఇన్‌స్టాల్ చేసి ఒక్కో ప్రాజెక్ట్‌కి విడిగా ఎన్విరాన్‌మెంట్ కట్టిపెట్టే టూల్. అప్పట్లో ఏదైనా ఇన్‌స్టాల్ కొడితే సాల్వింగ్ ఎన్విరాన్‌మెంట్ అని తిరుగుతూనే ఉండేది, కిందకెళ్లి టీ తాగొచ్చినా అక్కడే ఉండేది. 2023లో 23.10 వెర్షన్ నుంచి ఏ ప్యాకేజీకి ఏ వెర్షన్ సరిపోతుందో వేగంగా లెక్కేసే లిబ్‌మాంబా సాల్వర్ డిఫాల్ట్ అయ్యాక ఆ బాధ చాలావరకు తగ్గింది, స్పీడ్ విషయంలో ఇప్పుడు నాకు ఏ ఇబ్బందీ లేదు.

ఎన్విరాన్‌మెంట్ అంటే తలుపులేసిన గది, బయటిదేదీ లోపలికి రాదు అని చాలామందిలాగే నేనూ నమ్మేవాణ్ణి. అది నిజం కాదని మారతహళ్ళి రూమ్‌లో ఒక రాత్రి తెలిసింది. మా రూమ్మేట్ తమ్ముడు ల్యాప్‌టాప్ పట్టుకొచ్చి "అన్నా, కోండా లిస్ట్‌లో నమ్‌పై 1.26 అనే ఉంది, కోడ్ రన్ చేస్తే మాత్రం నమ్‌పై 2 అని ఎర్రర్ కొడుతోంది, ఏంటిది?" అన్నాడు. నమ్‌పై అంటే లెక్కలకు వాడే పైథాన్ లైబ్రరీ. ఎన్విరాన్‌మెంట్ మొత్తం డిలీట్ చేసి మళ్లీ కట్టాం, అదే ఎర్రర్, ఇంకోసారి కట్టాం, అదే. విచిత్రం ఏంటంటే అవే ప్యాకేజీలతో పైథాన్ 3.11 ఎన్విరాన్‌మెంట్ పెడితే శుభ్రంగా నడుస్తోంది, 3.10లో మాత్రమే చస్తోంది. అక్కడ డౌటొచ్చి ప్యాకేజీల కోసం పైథాన్ ఎక్కడెక్కడ వెతుకుతుందో చూపించే పైథాన్ -ఎమ్ సైట్ కమాండ్ కొట్టించా. పాత్‌ల లిస్ట్‌లో ఎన్విరాన్‌మెంట్ సొంత ప్యాకేజీలుండే సైట్-ప్యాకేజెస్ ఫోల్డర్ కంటే పైన హోమ్ ఫోల్డర్‌లోని డాట్ లోకల్ కింద ఉన్న పైథాన్ 3.10 ఫోల్డర్ కూర్చుంది, కింద ఎనేబుల్ యూజర్ సైట్ ట్రూ అని ఉంది, అంటే ఆ యూజర్ ఫోల్డర్‌నే ముందు చూస్తోందన్నమాట.

వాడిది ఉబుంటు 22.04, అందులో సిస్టమ్ పైథాన్ 3.10. ఎప్పుడో ఏ ఎన్విరాన్‌మెంటూ యాక్టివేట్ చేయకుండా పైథాన్ ప్యాకేజీలు తెచ్చే పిప్‌తో ఇన్‌స్టాల్ కొట్టాడు, సిస్టమ్ ఫోల్డర్‌లో రాసే పర్మిషన్ లేదు కాబట్టి పిప్ ఆ నమ్‌పై 2ని యూజర్ ఫోల్డర్‌లో పెట్టేసింది. అలా చేస్తున్నా అని ఒక లైన్ ప్రింట్ కూడా చేస్తుంది, ఎవరు చదువుతారు చెప్పండి. ఆ ఫోల్డర్ వెర్షన్ నంబర్‌ని బట్టి ఉంటుంది కాబట్టి 3.10 ఉన్న ప్రతి కోండా ఎన్విరాన్‌మెంట్‌లోకీ అదే దూరుతుంది. పైథాన్‌తోనే వచ్చే మామూలు వెన్వ్ ఎన్విరాన్‌మెంట్ అయితే డిఫాల్ట్‌గా దీన్ని ఆపేస్తుంది, కోండా ఆపదు, పైగా కోండా లిస్ట్‌లో ఆ ఫోల్డర్ సంగతే కనపడదు.

మందు సింపులే: కోండా ఎన్వ్ కాన్ఫిగ్ వార్స్ సెట్ అని కొట్టి పైథాన్‌నోయూజర్‌సైట్=1 (యూజర్ ఫోల్డర్ చూడొద్దని చెప్పే సెట్టింగ్) పెట్టి, డీయాక్టివేట్ చేసి మళ్లీ యాక్టివేట్ చేయడం. అప్పుడు నమ్‌పై 1.26 వచ్చింది, వాడు రాత్రి రెండింటికి మోడల్ ట్రైనింగ్ మొదలెట్టాడు. కొత్త ఎన్విరాన్‌మెంట్ కట్టగానే నేనిప్పుడు మొదట పెట్టేది అదే, పిప్ కూడా పైథాన్ -ఎమ్ పిప్ అనే కొడతా.

ఇంత బాధ పెట్టినా కోండా వదల్లేదు, ఎందుకంటే CUDA (గ్రాఫిక్స్ కార్డు మీద లెక్కలు నడిపేది) లాంటి పైథాన్ కాని లైబ్రరీలు కూడా ఎన్విరాన్‌మెంట్‌లోనే పెట్టుకునే సౌకర్యం నాకు పిప్‌తో దొరకలేదు. కాకపోతే యాక్టివేట్ చేసినప్పుడు ఆ యూజర్ ఫోల్డర్‌లో ఏమన్నా ఉంటే ఒక్క లైన్ వార్నింగ్ ఇస్తే చాలు, ఐదు నక్షత్రాలు ఇచ్చేస్తా, ప్రస్తుతానికి నాలుగు.