జేసీ రోడ్‌లో కొన్న స్నో చైన్లు, మనాలి వెళ్ళొచ్చాక రివ్యూ

జనవరిలో మనాలి ప్లాన్. చండీగఢ్‌లో బావ కారుంది, మంచులో జారకుండా టైర్లకి చుట్టే ఈ చైన్లు మాత్రం నువ్వే బెంగళూరు నుంచి పట్టుకురా అన్నాడు. జేసీ రోడ్‌లో నాలుగు షాపులు తిరిగితే ఒకచోట దొరికాయి, జత 3,800. చైన్లకి 5కి 4 ఇస్తా, మూడు రోజులు వాడినా ఒక్క లింకు తెగలేదు. షాపతని సలహాకి మాత్రం సున్నా. మన మదనపల్లి సైడే, బాగా మాట్లాడాడు, కానీ "వెనక టైర్లకి వేసుకోన్నా, గ్రిప్పు బాగుంటాది" అన్నాడు. బావది ముందు చక్రాలు లాగే బండి! ఇంజిన్ ఏ చక్రాల్ని తిప్పుతుందో వాటికే వెయ్యాలి, లేకపోతే ముందు టైర్లు ఉన్నచోటే గిర్రున తిరుగుతాయి, స్టీరింగ్ కూడా మాట వినదు. డబ్బాలో కాగితం చదివాను కాబట్టి సరిపోయింది.

బెంగళూరులో మా కారుదీ బావ కారు టైరు సైజే, అందుకే మారతహళ్లి అపార్ట్‌మెంట్ బేస్‌మెంట్‌లో నాలుగుసార్లు వేసి తీసి చూసుకున్నా. మొదటిసారి 40 నిమిషాలు, నాలుగోసారికి 12. ఇది చెయ్యకపోతే అక్కడ వెయ్యలేరు, నిజంగా చెప్తున్నా, మనాలి పైన సోలాంగ్ దాటాక వేళ్ళు కొయ్యబారిపోయాయి, గ్లౌజు తీస్తేగానీ టైరు వెనకాల ఉండే కొక్కెం చేతికి దొరకదు, బావ మంచులో మోకాళ్ళ మీద కూర్చుని ఫోన్ లైటు పట్టాడు. వేసాక వంద మీటర్లు మెల్లగా పోయి ఆపి మళ్ళీ బిగించాలి, వదులవుతాయి. 30 స్పీడు దాటించొద్దు. అటల్ టన్నెల్ 9 కిలోమీటర్లు, లోపల పొడి రోడ్డు, అందుకని ముందే విప్పి, టన్నెల్ దాటాక అవతల సిస్సు వైపు మళ్ళీ వేసాం. విసుగే, కానీ పొడి రోడ్డు మీద తిప్పితే టైరూ చైనూ రెండూ పోతాయి.

మర్నాడు రోడ్డు క్లియర్‌గా ఉందని చైన్లు తీసేసాం. ఎండ పడని ఒక మలుపులో రోడ్డు ఊరికే తడిసినట్టు కనపడింది, తీరా చూస్తే అదంతా గాజులాంటి ఐస్. బావ బ్రేక్ తొక్కాడు, చక్రాలు బిగుసుకుపోకుండా బ్రేకుని పట్టి వదిలే ఏబీఎస్‌కి పెడల్ కాలికింద గడగడా కొట్టుకుంది, భయపడి కాలు తీసెయ్యబోయాడు, "తియ్యకు బావా, తొక్కిపట్టు" అని అరిచా. ముందున్న జీపుకి మూరెడు దూరంలో ఆగాం. ఐస్ మీద ఆగాలంటే మామూలు కంటే పది రెట్లు దూరం కూడా పట్టొచ్చని చదివా గానీ అప్పుడే అర్థమైంది. అక్కణ్ణుంచి రెండో గేరు, బ్రేక్ దాదాపు ముట్టుకోకుండా ఇంజిన్ మీదే దిగాం.

కొనేవాళ్ళు టైరు పక్కన రాసుండే సైజు ఫోటో తీసుకెళ్ళండి, డబ్బా షాపులోనే విప్పించి నేల మీద పరిచి చూడండి, మాదాంట్లో ఒక వరస మెలి పడి ఉంటే అక్కడే మార్పించా.