మూత వేసినా నిద్రపోని ల్యాప్‌టాప్: నెట్‌వర్క్ షేర్లతో దీర్ఘకాల అనుభవం

ముందే తేల్చి చెప్పేస్తాను. ల్యాప్‌టాప్‌లో నెట్‌వర్క్ షేర్‌ని (వేరే పెట్టెలో ఉండి నెట్‌వర్క్ మీదుగా తెరుచుకునే ఫోల్డర్‌ని) పొద్దస్తమానం మౌంట్ చేసి, అంటే సొంత ఫోల్డర్‌లా తగిలించి ఉంచితే స్లీప్‌ని నమ్ముకోలేం. పనిచేసినన్నాళ్లు పనిచేస్తుంది, ఏదో ఒకరోజు మొండికేస్తుంది. అడిగినప్పుడు తెరుచుకుని, పనైపోగానే తనంతట తానే విడిపోయే ఆటోమౌంట్ ఒక్కటే నా దగ్గర చివరికి నిలబడింది. దానికీ కొన్ని చిరాకులున్నాయి, అవీ చెప్తాను.

నా ఏర్పాటు మామూలుదే. ఒక మూల నాస్ పెట్టె (నెట్‌వర్క్ మీద ఫైళ్లు దాచిపెట్టేది), అందులో ఫొటోలు, పాటలు, పాత డాక్యుమెంట్లు. రోజూ వాడేది లినక్స్ ల్యాప్‌టాప్, ఇంకొకటి విండోస్‌ది, అప్పుడప్పుడు ఒక మ్యాక్. ఈ మూడూ వైఫై మీదే. లినక్స్‌లో మొదట ఎస్‌ఎంబీ, తర్వాత ఎన్‌ఎఫ్‌ఎస్, మధ్యలో కొన్నాళ్లు ఎస్‌ఎస్‌హెచ్‌ఎఫ్‌ఎస్ వాడాను, మూడూ నెట్‌వర్క్ మీద ఫైళ్లు తెరిచే పద్ధతులే. ఏ కంపెనీ పెట్టెలన్నది ఇక్కడ అనవసరం, ఎందుకంటే లోపం వాటిలో లేదు.

లక్షణం ఇలా ఉంటుంది. మూత వేస్తాం, స్క్రీన్ ఆరిపోతుంది, పడుకుందనుకుని బ్యాగులో పెట్టేస్తాం. లోపల అది మెలకువగానే ఉంటుంది. తర్వాత తీసి చూస్తే అడుగు చురుక్కుమంటుంది, బ్యాటరీ సగానికి పడిపోయి ఉంటుంది. చాలామంది దీన్ని గ్రాఫిక్స్ డ్రైవర్ గొడవ అనుకుని బయోస్ అప్‌డేట్ల వెంట పడతారు. దానికంటే ముందు లినక్స్ కెర్నెల్ (ఆపరేటింగ్ సిస్టం గుండెకాయ) రాసుకునే లాగ్ తెరవండి. అందులో ‘ఫ్రీజింగ్ ఆఫ్ టాస్క్స్ ఫెయిల్డ్ ఆఫ్టర్ 20 సెకండ్స్’ లాంటి ముక్క కనిపిస్తే డ్రైవర్ల జోలికి పోనక్కర్లేదు. గొడవ అంతకంటే ముందు మెట్టులోనే ఉంది.

నిద్రలోకి వెళ్లే ముందు కెర్నెల్ నడుస్తున్న ప్రోగ్రాములన్నిటినీ ఒక్కొక్కటిగా గడ్డకట్టిస్తుంది. దానికి డిఫాల్ట్‌గా ఇచ్చిన గడువు 20 సెకన్లు. ఆలోపు ఒక్క ప్రోగ్రామైనా ఆగకపోతే ప్రయత్నం మానేసి, అన్నిటినీ మళ్లీ లేపేస్తుంది. ఆగనిది ఏదో లాగ్‌లోనే పేరు పెట్టి చెప్తుంది, అది ఏ పని మధ్యలో ఉందో చూపే కాల్ స్టాక్ కూడా రాసి పెడుతుంది. నా లాగ్‌లో ఎక్కువసార్లు దొరికిన దొంగ ఫైల్ మేనేజర్ వెనకాల ఫొటోలకు థంబ్‌నెయిల్స్ తయారుచేసే చిన్న ప్రోగ్రాం. నడుస్తున్న ప్రోగ్రాముల జాబితా ఇచ్చే పీఎస్ కమాండ్‌తో చూస్తే దాని స్థితి దగ్గర ‘డి’ అని ఉంటుంది. డిస్క్ నుంచో నెట్‌వర్క్ నుంచో జవాబు వచ్చేదాకా ఎవరు పిలిచినా పలకని స్థితి అన్నమాట. మామూలు సిగ్నల్‌కి కదలదు.

మరి జవాబు ఎందుకు రాదు? ఇదే అసలు సంగతి. సిస్టమ్‌డి (వెనకాల సర్వీసులన్నిటినీ నడిపించేది) ఉన్న లినక్స్‌లో మూత వేయగానే అందులో భాగమైన లాగిన్‌డి ‘నిద్రపోతున్నాం, సర్దుకోండి’ అని అందరికీ కబురు పెడుతుంది. సర్దుకోడానికి మామూలుగా 5 సెకన్లు ఇస్తుంది. ఆ కబురు అందగానే నెట్‌వర్క్ మేనేజర్ బుద్ధిగా వైఫైని దించేస్తుంది. కెర్నెల్ గడ్డకట్టించడం మొదలుపెట్టేది ఆ తర్వాతే. అంటే షేర్ మీద ఫైల్ అడిగి కూర్చున్న ప్రోగ్రాం అలాగే ఉండగానే దారి తెగిపోతోంది. వంతెన కూల్చేసి, అవతలి ఒడ్డున ఉన్నవాణ్ణి తొందరగా రమ్మని కేకేసినట్టుంటుంది వ్యవహారం.

అయితే ప్రతిసారీ ఎందుకు జరగదు? నన్ను చాలాకాలం విసిగించింది ఈ ప్రశ్నే. ఎస్‌ఎంబీ, ఎన్‌ఎఫ్‌ఎస్ కోడ్‌లో జవాబు కోసం ఎదురుచూసే చోట్ల చాలావాటిని గడ్డకట్టడానికి వీలుగానే రాశారు. ఒక్క ప్రోగ్రాం ఎదురుచూస్తూ ఉంటే అది అలాగే గడ్డకట్టుకుంటుంది, ల్యాప్‌టాప్ హాయిగా పడుకుంటుంది. రెండు ప్రోగ్రాములు ఒకే ఫోల్డర్ మీద పడ్డప్పుడు వస్తుంది తంటా. మొదటిది ఆ ఫోల్డర్ తాళం (లాక్, ఒకరు వాడుతుండగా ఇంకొకరు రాకుండా ఆపేది) చేతిలో పట్టుకుని గడ్డకడుతుంది. రెండోది సర్వర్ కోసం కాకుండా ఆ తాళం కోసం ఎదురుచూస్తుంటుంది, ఆ ఎదురుచూపుకి గడ్డకట్టే వీలు లేదు. అంతే, 20 సెకన్లు గడిచిపోతాయి. లాగ్‌లో స్టాక్ జాగ్రత్తగా చదివితే పై వరసలో నెట్‌వర్క్ పేర్లు కాకుండా లాక్ పేర్లు కనిపిస్తాయి. ఫొటోల ఫోల్డర్ తెరిచి వెంటనే మూత వేసినప్పుడే ఎక్కువగా ఎందుకు ఫెయిలయ్యేదో అప్పుడు అర్థమైంది. ఫైల్ మేనేజరూ, థంబ్‌నెయిల్ ప్రోగ్రామూ రెండూ ఒకే ఫోల్డర్‌లో ఉండేవి మరి.

ఎస్‌ఎస్‌హెచ్‌ఎఫ్‌ఎస్‌ది ఇంకో రకం తలనొప్పి. దాని ఫైల్ సిస్టం కెర్నెల్‌లో కాకుండా మామూలు ప్రోగ్రాంగా నడుస్తుంది. కెర్నెల్ ఆ ప్రోగ్రాంనే ముందు గడ్డకట్టిస్తే, దాన్ని ఫైల్ అడిగినవాళ్లకు జవాబు చెప్పే దిక్కు ఉండదు. ఎవరు ముందు ఆగుతారన్నది అదృష్టం మీద ఆధారపడ్డ వ్యవహారం. రీకనెక్ట్, సర్వర్ అలైవ్ లాంటి ఆప్షన్లు లేచిన తర్వాత బాగా పనికొస్తాయి, పడుకునేటప్పుడు మాత్రం సాయం చేయవు. ల్యాప్‌టాప్ మీద దీన్ని ఎప్పుడూ మౌంట్ చేసి ఉంచమని నేనెవరికీ చెప్పను. ఇప్పుడు ఆ పని ఫైళ్లను కాపీ చేసే ఆర్‌సింక్‌తో కానిచ్చేస్తున్నాను.

ఇక మందులు. ఎక్కువమంది ఇచ్చే సలహా, సిస్టమ్‌డి స్లీప్ ఫోల్డర్‌లో ఒక స్క్రిప్ట్ పెట్టి పడుకునే ముందు షేర్లను అన్‌మౌంట్ చేయమని. వినడానికి బాగుంటుంది. కానీ ఆ స్క్రిప్ట్ నడిచేది లాగిన్‌డి గడువు అయిపోయాక, అప్పటికే వైఫై లేదు. మామూలు అన్‌మౌంట్ తానే సర్వర్ కోసం ఎదురుచూస్తూ ఇరుక్కుపోతుంది. లేజీ అన్‌మౌంట్ వెంటనే తిరిగొస్తుంది, నిజమే, కానీ అది చేసేదల్లా షేర్ పేరుని ఫోల్డర్ల చెట్టులోంచి తీసేయడమే. అప్పటికే ఇరుక్కున్న ప్రోగ్రాం ఇరుక్కునే ఉంటుంది. కొన్నిసార్లు గట్టెక్కిస్తుంది, నమ్ముకోడానికి లేదు.

స్క్రిప్ట్ ఉండాల్సిన చోటు నెట్‌వర్క్ మేనేజర్ డిస్పాచర్‌లోని (కనెక్షన్ మారినప్పుడు స్క్రిప్టులు నడిపే భాగం) ప్రీ-డౌన్ ఫోల్డర్. వైఫై ఇంకా బతికుండగానే నెట్‌వర్క్ మేనేజర్ దాన్ని నడిపిస్తుంది, అది ముగిసేదాకా ఆగుతుంది. అదే అన్‌మౌంట్ కమాండ్, చోటు మారేసరికి ఫలితం మారిపోయింది. కొన్ని షరతులున్నాయి. ఆ 5 సెకన్ల లోపే పని తేలిపోవాలి, కాబట్టి స్క్రిప్ట్ చిన్నదిగా ఉండాలి. సిగ్నల్ దానంతటదే పోయినప్పుడు, అంటే ల్యాప్‌టాప్ పట్టుకుని వైఫై అందని చోటికి నడిచెళ్లిపోతే, ప్రీ-డౌన్ అసలు నడవదు. టెర్మినల్ ఏదైనా షేర్ లోపలి ఫోల్డర్‌లో నిలబడి ఉంటే ‘టార్గెట్ ఈజ్ బిజీ’ అని అన్‌మౌంట్ చేతులెత్తేస్తుంది. అందుకే దీన్ని రెండో రక్షణగా ఉంచుకున్నాను, మొదటిది ఆటోమౌంట్.

ఆటోమౌంట్‌కి కొత్త సాఫ్ట్‌వేర్ ఏమీ అక్కర్లేదు. మౌంట్ల జాబితా ఉండే ఎఫ్‌స్టాబ్ ఫైల్‌లో ఆ షేర్ లైన్ ఆప్షన్లలో సిస్టమ్‌డి ఆటోమౌంట్, ఐడిల్ టైమౌట్, మౌంట్ టైమౌట్ చేర్చితే చాలు. నేను ఐడిల్ 60 సెకన్లు, మౌంట్ 10 సెకన్లు పెట్టుకున్నాను. ఎవరూ ముట్టుకోకపోతే నిమిషం దాటాక షేర్ విడిపోతుంది. మూత వేసే సమయానికి చాలాసార్లు అక్కడ మౌంటే ఉండదు. లేని మౌంట్ మీద ఎవరూ ఇరుక్కోలేరు కదా! ఇక్కడ చూడాల్సింది దాన్ని ఎవరు ఊరికే గిల్లుతున్నారన్నది. డెస్క్‌టాప్ సెర్చ్ ఇండెక్సర్, పాటల ప్లేయర్ లైబ్రరీ స్కాన్, ఎడిటర్‌లో తెరిచి మర్చిపోయిన ప్రాజెక్ట్ లాంటివి నిమిషానికోసారి షేర్‌ని తడుముతూ ఉంటే ఐడిల్ అన్న మాటే ఉండదు. ఇండెక్సర్‌కి ఆ ఫోల్డర్‌ని మినహాయింపులో పెట్టడం నాకు అన్నిటికంటే ఎక్కువ ఫలితమిచ్చిన చిన్న మార్పు.

చిరాకుల సంగతి చెప్తానన్నాను కదా. బయట ఎక్కడో వేరే వైఫైలో ఉన్నప్పుడు ఫైల్ సేవ్ చేసే డైలాగ్ ఆ ఫోల్డర్ వైపు తొంగిచూసిందంటే చాలు, మౌంట్ గడువు తీరేదాకా ప్రోగ్రాం బిగుసుకుపోతుంది. 10 సెకన్లు తక్కువే, కానీ హడావిడిలో ఉన్నప్పుడు టెన్షన్ పెడుతుంది. షేర్‌ని హోమ్ ఫోల్డర్‌లో కాకుండా వేరే చోట పెట్టి, డైలాగ్‌లోని బుక్‌మార్కుల్లోంచి తీసేస్తే ఇది బాగా తగ్గుతుంది. నిద్ర లేచాక మొదటిసారి ఫోల్డర్ తెరిస్తే వైఫై మళ్లీ కలిసేదాకా కాస్త ఆగాలి. దానికి అలవాటుపడిపోయాను.

ఎన్‌ఎఫ్‌ఎస్ వాడేవాళ్లకు ఒక హెచ్చరిక. ‘హార్డ్ తీసేసి సాఫ్ట్ పెట్టు, గడువు తగ్గించు, అంతా సర్దుకుంటుంది’ అన్న సలహా తరచూ వినిపిస్తుంది. డిఫాల్ట్ హార్డ్, అంటే సర్వర్ వచ్చేదాకా అడుగుతూనే ఉంటుంది. సాఫ్ట్ అయితే కొన్నిసార్లు అడిగి, ప్రోగ్రాంకి ఎర్రర్ ఇచ్చేస్తుంది. రాత మధ్యలో అలా జరిగితే ఫైల్ చడీచప్పుడు లేకుండా పాడయ్యే ప్రమాదం ఉందని ఎన్‌ఎఫ్‌ఎస్ మాన్యువల్ పేజీయే చెప్తుంది. చదవడానికి మాత్రమే వాడే పాటల షేర్‌కి సాఫ్ట్ పెట్టాను, డాక్యుమెంట్లకు హార్డే ఉంచాను. ఆ గడువు సంఖ్య సెకన్లలో కాదు, సెకనులో పదో వంతులో ఉంటుందని కూడా గుర్తుంచుకోండి. 50 అని రాస్తే 5 సెకన్లు.

విండోస్ కథ దీనికి తిరగేసినట్టుంటుంది. అక్కడ నేను చూసిన ఇబ్బంది షేర్‌ని వాడుకోవడం వల్ల కాదు, ల్యాప్‌టాప్ తానే ఒక ఫోల్డర్‌ని బయటకు షేర్ చేయడం వల్ల. అడ్మిన్‌గా కమాండ్ ప్రాంప్ట్ తెరిచి పవర్ సెట్టింగుల కమాండ్ పవర్‌సీఎఫ్‌జీని రిక్వెస్ట్స్ ఆప్షన్‌తో నడిపితే, సిస్టం శీర్షిక కింద ఎస్‌ఆర్‌వీనెట్ అనే డ్రైవర్ పేరు కనిపించింది. ఈ మెషిన్‌కి ఒక రిమోట్ క్లయింట్ ఈమధ్యే రిక్వెస్టులు పంపిందని పక్కన కారణం. ఆ క్లయింట్ ఎవరో కంప్యూటర్ మేనేజ్‌మెంట్‌లో షేర్డ్ ఫోల్డర్స్ కింద సెషన్స్ చూస్తే తెలిసిపోతుంది. నా విషయంలో అది సినిమాల ఫోల్డర్‌ని ఊరికే తడుముతూ ఉండే మీడియా ప్లేయర్. పవర్‌సీఎఫ్‌జీలోనే రిక్వెస్ట్స్ ఓవర్‌రైడ్ అనే ఆప్షన్‌తో ఆ డ్రైవర్ మాట పట్టించుకోవద్దని చెప్పొచ్చు. కానీ అప్పుడు ఎవరైనా పెద్ద ఫైల్ కాపీ చేసుకుంటుంటే మధ్యలో పడుకునే అవకాశముంది. నేను ఆ ఫోల్డర్‌ని నాస్‌లోకి మార్చేసి షేర్ ఎత్తేశాను. ఈ అడ్డు తనంతట తాను పడుకునే స్లీప్‌కే వర్తిస్తుంది, మూత వేసినా స్లీప్ నొక్కినా విండోస్ మామూలుగా పడుకుంటుంది. మూత వేసినా మేలుకుని ఉంటే కారణం వేరే ఎక్కడో వెతకాలి.

మ్యాక్‌లోనూ ఇదే ధోరణి. టెర్మినల్‌లో పీఎంసెట్ కమాండ్‌తో అసర్షన్ల (పడుకోవద్దని ప్రోగ్రాములు పెట్టే అభ్యర్థనల) జాబితా అడిగితే ఎవరు పట్టుకున్నారో కనిపిస్తుంది. ఫైల్ షేరింగ్‌లోకి బయటివాళ్లు వచ్చి ఉంటే నెట్‌వర్క్ క్లయింట్ యాక్టివ్ అన్న అసర్షన్ ఉంటుంది. అంతకుమించి నాకు అందులో పెద్దగా పని పడలేదు.

మార్పులు చేశాక పరీక్షించడానికి మూత వేసి తీసి చూడాల్సిన పనిలేదు. లినక్స్ కెర్నెల్‌లో పీఎం టెస్ట్ అనే ఫైల్ ఉంటే, అందులో ఫ్రీజర్ అని రాసి స్లీప్ పెట్టండి. గడ్డకట్టించడం వరకే చేసి, 5 సెకన్లు ఆగి, వెనక్కి వచ్చేస్తుంది. షేర్ మీద పెద్ద ఫోల్డర్ తెరిచి ఉంచి, నాస్ కేబుల్ పీకేసి ఇది నడిపితే మీ ఏర్పాటు ఎంత గట్టిదో తెలిసిపోతుంది. పరీక్ష అయ్యాక ఆ ఫైల్‌లో మళ్లీ నన్ అని రాయడం మర్చిపోకండి, లేకపోతే అసలు స్లీపే రాదు. రోజువారీ చూసుకోడానికి సస్పెండ్ స్టాట్స్‌లో ఫెయిల్డ్ ఫ్రీజ్ అన్న లెక్క ఉంటుంది. బూట్ చేసినప్పటి నుంచి ఎన్నిసార్లు ఈ మెట్టులో తప్పిందో అది చెప్తుంది. ఆటోమౌంట్, ప్రీ-డౌన్ స్క్రిప్ట్ రెండూ పెట్టిన దగ్గర్నుంచి నా దగ్గర అది ఎప్పుడు చూసినా సున్నాయే. కేబుల్ మీద ఉండే డెస్క్‌టాప్‌కి వీటిలో ఏదీ చేయలేదు, మూత వేసేది లేదు కాబట్టి అక్కడ పాత పద్ధతిలోనే షేర్లు మౌంట్ అయి ఉన్నాయి.