డిగ్రీ విద్యార్థుల పరిశోధన సెమినార్లు: కడపలో కొన్నేళ్ల అనుభవం తర్వాత ఒక సమీక్ష

కడపలో ఒక డిగ్రీ కళాశాల చరిత్ర, తెలుగు శాఖలు ఉమ్మడిగా ‘మతం, సంస్కృతి, ప్రజాజీవితం’ అనే అంశం మీద ఏటా నిర్వహించే విద్యార్థి పరిశోధన సెమినార్‌తో నాకు చాలా కాలపు పరిచయం ఉంది. మొదట అక్కడ విద్యార్థిగా పత్రం చదివాను, ఆ తర్వాత అధ్యాపకుడిగా పత్రాలు దిద్దుతూ వస్తున్నాను. నా అభిప్రాయంలో ఈ సెమినార్ విలువ పత్రం చదివే రోజులో కన్నా దానికి ముందు గడిచే నాలుగైదు నెలల్లోనే ఎక్కువగా ఉంది. ఆ నెలల్లో ఊళ్లు తిరగకుండా చివరి రోజు పీపీటీతో వేదిక ఎక్కేవారికి సర్టిఫికెట్ దొరుకుతుంది, అంతకు మించి ఏమీ దొరకదు.

అంశం ఎంపిక దగ్గరే అసలు చిక్కు మొదలవుతుంది. ఈ జిల్లాలో సామగ్రికి కొదవ లేదు. పెద్ద దర్గాగా పిలిచే అమీన్ పీర్ దర్గా నగరంలోనే ఉంది. బ్రహ్మంగారి మఠంలో వీరబ్రహ్మంగారి ముస్లిం శిష్యుడైన దూదేకుల సిద్దయ్య కథ ఉంది. గండికోటలో మాధవరాయస్వామి ఆలయమూ జామియా మసీదూ ఒకే కోటగోడల మధ్య నిలిచి ఉన్నాయి. ఇంత సామగ్రి ఉండటం వల్లనే ఏటా వచ్చే ప్రతిపాదనల్లో ఎక్కువ భాగం ‘కడప మతసామరస్యానికి ప్రతీక’ అన్న ముగింపును ముందే రాసిపెట్టుకుని వస్తాయి. ఆ మాట తప్పని నేను అనను. అయితే దానిని తేల్చడానికి పరిశోధన అక్కరలేదు, పండుగ మరునాటి దినపత్రిక చాలు.

ఉగాది రోజున దేవుని కడప లక్ష్మీవేంకటేశ్వరస్వామిని ముస్లింలు దర్శించుకునే ఆచారం ఇందుకు మంచి ఉదాహరణ. బీబీ నాంచారమ్మ తమ ఇంటి ఆడబిడ్డ, అందువల్ల స్వామి తమకు అల్లుడు అన్న నమ్మకంతో వాళ్లు వస్తారని ప్రతి విద్యార్థీ రాస్తాడు. ఒక ద్వితీయ సంవత్సరం విద్యార్థిని మాత్రం అక్కడితో ఆగకుండా, వరుసలో నిలుచున్న కుటుంబాలను ఏ వీధి నుంచి వచ్చారు, ఇంట్లో ఎన్ని తరాలుగా వస్తున్నారు, రావద్దని చెప్పేవాళ్లు బంధువుల్లో ఉన్నారా, ఉంటే వాళ్లకు ఏమని సమాధానం చెబుతారు అని ఓపికగా అడిగి రాసుకుంది. పత్రంలో వచ్చినవి రెండు రకాల జవాబులు. మగవాళ్లు ఎక్కువగా తాతల నాటి కథ చెప్పారు. ఆడవాళ్లు బిడ్డ జబ్బు, పెళ్లి సంబంధం, అప్పు వంటి సొంత మొక్కుల గురించి చెప్పారు. రావద్దన్న బంధువులు ఉన్నారని చెప్పినవాళ్లూ కనిపించారు. ఆచారం ఎలా నిలుస్తోందో, ఎక్కడ వదులవుతోందో ఆ పత్రం చదివితే తెలుస్తుంది. అలాంటి పత్రం ఒక్కటి వచ్చిన ఏడాది మిగిలిన పత్రాలను ఓర్చుకోవచ్చు.

ఒంటిమిట్ట కోదండరామాలయం మీద వచ్చే పత్రాలు నన్ను ఇంకా ఎక్కువగా ఆకట్టుకుంటాయి, ఎందుకంటే ‘ప్రజాజీవితం’ అన్న మాటకు అక్కడ నేరుగా పని పడుతుంది. రాష్ట్ర విభజనతో భద్రాచలం తెలంగాణలో మిగిలిపోయినందున, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కోదండరాముని కల్యాణాన్ని అధికారిక ఉత్సవంగా చేపట్టింది. 2015లో ఆలయ నిర్వహణ తిరుమల తిరుపతి దేవస్థానాల చేతికి వచ్చింది. కట్టడం మాత్రం కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉంది. పూజ ఒకరిది, రాయి ఒకరిది, పట్టువస్త్రాలు తెచ్చేది ఇంకొకరు. పందిరి వేయాలన్నా ఇనుప కంచె కట్టాలన్నా ఎవరి అనుమతి కావాలి, వెన్నెల రాత్రి జరిగే కల్యాణానికి వచ్చే జనానికి బస్సులూ తాగునీరూ ఏ శాఖ చూస్తుంది, ఊరి పాత కుటుంబాలకు ఇదివరకు ఉన్న మర్యాదలు ఏమయ్యాయి అన్న ప్రశ్నలతో వెళ్లిన విద్యార్థికి ఒకే గుడి దగ్గర పాలనాశాస్త్రమూ చరిత్రా కలిసి కనిపిస్తాయి. ఇమాంబేగ్ అనే ముస్లిం అధికారి రామభక్తుడై తవ్వించాడని చెప్పుకునే అక్కడి ఇమాంబేగ్ బావి కథ ఎలాగూ పత్రంలోకి వస్తుంది. అది రాకుండా ఒంటిమిట్ట గురించి రాయగలవాడు మా జిల్లాలో ఇంకా పుట్టలేదు.

చట్టాలు చదివించడం ఈ సెమినార్‌లో నాకు నచ్చిన మరో గుణం. 1987 నాటి దేవాదాయ చట్టం అర్చకుల వంశపారంపర్య హక్కును రద్దు చేసిందనీ, 2007 సవరణ కొంత మేరకు దానిని మళ్లీ గుర్తించిందనీ తెలుసుకున్న తర్వాత చిన్న ఊరి గుడి అర్చకునితో మాట్లాడితే, ఇనాం భూమి మీదా ధూపదీప ఖర్చుల మీదా ఆయన చెప్పే మాటలు వేరుగా వినిపిస్తాయి. చట్టం తెలియని విద్యార్థికి అది ఒక వృద్ధుని గోడుగా మాత్రమే మిగులుతుంది.

గ్రంథాలయ దశకు సి.పి. బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రం దగ్గరలో ఉండటం మా అదృష్టం. కైఫియత్తులు, అంటే పాత గ్రామ చరిత్రలు, చూడమని అందరికీ చెబుతాం. అయితే వాటిని దేవవాక్యంలా ఎత్తిరాసే అలవాటును మాన్పడానికి చాలా శ్రమ పడవలసి వస్తుంది. ఈస్టిండియా కంపెనీ సర్వే అధికారి కాలిన్ మెకంజీ సహాయకులు దండకవిలెలనే ఊరి కరణాల పాత దస్త్రాల నుంచీ, పెద్దల నోటి నుంచీ సేకరించిన వృత్తాంతాలవి. చెప్పినవారికి మాన్యాలూ మిరాశీలూ (వంశపారంపర్య హక్కులు) ఉన్నప్పుడు చెప్పే తీరు దానికి తగ్గట్టే ఉంటుంది. ఈ ముక్క అర్థమైన విద్యార్థి, నేటి దర్గా ముజావరు (సేవకుడు) మాటనూ ఆలయ కార్యనిర్వహణాధికారి మాటనూ కూడా అదే జాగ్రత్తతో వింటాడు.

పొరుగు జిల్లాలకు వెళ్లే పనుల్లో అనంతపురం జిల్లా నార్పల మండలంలోని గూగూడులో కుళ్లాయప్ప అనే పీరు పేరిట జరిగే మొహర్రం ఉత్సవం మంచి అనుభవం. కుళ్లాయప్ప అన్న పేరు హిందూ ఇళ్లలోనూ ఎందుకు వినిపిస్తుందో అక్కడ అర్థమవుతుంది. కర్నూలు జిల్లా దేవరగట్టుకు దసరా రాత్రి విద్యార్థులను పంపకపోవడం సరైన నిర్ణయమే. ఉత్సవ విగ్రహాల కోసం ఊళ్లవాళ్లు తలపడే అక్కడి కర్రల సమరంలో ఏటా తలలు పగులుతాయి. పగటి పూట నెరణికి వంటి ఊళ్లలో పెద్దలతో మాట్లాడి, పోలీసు బందోబస్తూ వైద్య శిబిరాల ఏర్పాట్లూ తెలుసుకుంటే పత్రానికి కావలసినంత దొరుకుతుంది.

ఇక లోపాలు. వివాదం వాసన తగలగానే నిర్వాహకులు వెనకడుగు వేస్తారు. లౌడ్‌స్పీకర్ల మీద ఒక విద్యార్థి చక్కని పత్రం తెచ్చాడు: 2000 నాటి శబ్దకాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతంలో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ పరిమితి అనీ, రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు బహిరంగ స్థలాల్లో మైకులకు సాధారణంగా అనుమతి ఉండదనీ చెప్పి, జాతరకూ ఉర్సుకూ ఎన్నికల సభకూ ఒకే కొలబద్ద పెట్టాడు. ఎవరినీ నొప్పించే మాట అందులో లేదు. అయినా ప్రశ్నల సమయం వచ్చేసరికి అధ్యక్షులు ‘భోజనానికి ఆలస్యమవుతోంది’ అని ముగించారు. ప్రజాజీవితం అన్న మాటను శీర్షికలో పెట్టుకుని ఈ పని చేయడం న్యాయం కాదు. కోపతాపాలు లేకుండా భిన్నాభిప్రాయం చెప్పడం ఇరవై ఏళ్ల పిల్లలు ఇక్కడ కాకపోతే ఇంకెక్కడ నేర్చుకుంటారు?

మాట్లాడినవారి అనుమతి తీసుకోవడం, అడిగితే పేరు మార్చడం వంటి నియమాలు కాగితం మీద బాగానే ఉన్నాయి, ఆచరణ మార్గదర్శకుని మీద ఆధారపడి ఉంది. విద్యార్థినులకు తోడు వెళ్లే అధ్యాపకురాలు లేని ఏడాది సగం మంది తల్లిదండ్రులు అభ్యంతరం చెబుతారు. అప్పుడు ఆ పత్రాలు ఇంట్లో కూర్చుని అంతర్జాలం నుంచి దించుకున్నవిగా తయారవుతాయి. తెలుగులో పత్రం రాయడానికి అనుమతి ఉండటం మాత్రం పెద్ద మేలు. 2021–22 నుంచి డిగ్రీ చదువు ఆంగ్ల మాధ్యమంలోకి మారిన తర్వాత, ఊరివాళ్లు చెప్పింది చెప్పినట్టు రాసుకునే అవకాశం ఈ పిల్లలకు మరెక్కడా లేదు.

చరిత్ర, రాజనీతి, తెలుగు సాహిత్యం చదివేవారికీ, పీజీ ఆలోచన ఉన్నవారికీ ఈ సెమినార్‌ను నిస్సంకోచంగా సూచిస్తాను. మార్కుల కోసం మాత్రమే అయితే దీనికన్నా తేలికైన దారులు ఉన్నాయి. నిర్వాహకులకు ఒక విన్నపం: ఇన్నేళ్ల పత్రాలూ శాఖ బీరువాలో కట్టలుగా పడి ఉన్నాయి. వాటికి ఒక సూచిక తయారు చేసి, మాట్లాడినవారి వివరాలు తొలగించిన ప్రతిని ఏదైనా పరిశోధన గ్రంథాలయంలో ఉంచితే, ఒంటిమిట్ట మీద కొత్తగా పత్రం రాయబోయే విద్యార్థి ఇమాంబేగ్ బావి దగ్గర మళ్లీ మొదలుపెట్టనక్కరలేదు.