ఐర్లాండ్‌లో ఒక వారం నేర్చుకుందామంటే: ఫిడిలా, సెట్ డ్యాన్సా, బుట్టలల్లడమా?

సూటిగా చెప్పేస్తాను. ఐరిష్ సంప్రదాయ కళల వర్క్‌షాప్‌కి మొదటిసారి వెళ్తున్నవాళ్ళు, ఇంతకుముందు ఏ వాయిద్యమూ పట్టనివాళ్ళు, సెట్ డ్యాన్స్ (జంటలు గుంపుగా కలిసి ఆడే పల్లె ఆట) తీసుకోండి. ఫిడిల్ (అంటే వయొలినే) తర్వాత చూసుకోవచ్చు. బుట్టలల్లడానికి ఎప్పుడైనా ఒక శనివారం చాలు. డబ్లిన్‌లో, లిమరిక్‌లో ఉద్యోగాలు చేసుకుంటున్న మనవాళ్ళు వేసవి దగ్గరపడగానే "వారం సెలవు పెట్టి ఏదైనా నేర్చుకుందామనుకుంటున్నాం, ఏది మేలంటారు?" అని అడుగుతుంటారు. చాలామంది మనసులో అప్పటికే ఫిడిలో, బౌరాన్ అనే మేకతోలు వాయిద్యమో ఖాయమైపోయి ఉంటుంది, అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను.

క్లాసులు ఎక్కడైనా ఇంచుమించు ఒకలాగే ఉంటాయి. తేడా అంతా సాయంత్రాల్లో ఉంది. క్లేర్ కౌంటీలో మిల్‌టౌన్ మాల్‌బే అనే చిన్న ఊళ్ళో ఏటా జులై మొదట్లో జరిగే విల్లీ క్లాన్సీ వేసవి బడినే తీసుకోండి. విల్లీ క్లాన్సీ (1918–1973) ఆ ఊరి ఇలన్ పైప్స్ (మోచేత్తో తిత్తి నొక్కి వాయించే ఐరిష్ బ్యాగ్‌పైప్) విద్వాంసుడు, ఆయన పోయిన ఏడాదే ఆయన పేరు మీద ఇది మొదలైంది. పొద్దున తరగతులు, మధ్యాహ్నం ఉపన్యాసాలు, చీకటి పడ్డాక పబ్బుల్లో సెషన్లు, హాళ్ళలో కేలీలు, అంటే బ్యాండు వాయిస్తుంటే అందరూ కలిసి ఆడే డ్యాన్సులు. సెషన్ అంటే టేబుల్ చుట్టూ కూర్చుని వాయించుకోవడం, స్టేజీ ఉండదు, కాగితాలూ ఉండవు. ఒకరు ఎత్తుకుంటారు, తెలిసినవాళ్ళు కలుస్తారు, బాణీని రెండు మూడుసార్లు తిప్పి మధ్యలో ఊపిరి కూడా తీసుకోకుండా ఇంకో బాణీలోకి దూకేస్తారు. మొన్ననే ఫిడిల్ పట్టిన మనిషి అక్కడ చేయగలిగింది వినడమే. వినడం గొప్ప పాఠమే, కాదనను, కానీ వారమంతా పక్కన కూర్చుని చూడ్డానికేనా సెలవు పెట్టింది? కేలీలో అలా కాదు. పొద్దున నేర్చుకున్న రెండు ఫిగర్లతోనే, అంటే ఆటలో రెండు భాగాలతోనే, రాత్రి లైవ్ బ్యాండ్ ముందు దిగిపోవచ్చు, మీకు రాదని తెలిస్తే ఎదుటి జంట చెయ్యి పట్టుకుని తిప్పి మీ చోట్లో నిలబెడతారు.

సెట్ డ్యాన్స్ అంటే నాలుగు జంటలు చతురస్రంగా నిలబడి ఆడేది. మన కోలాటంలో జతలు మారుతూ వరసలు దాటుకుంటూ మళ్ళీ మొదటి చోటికి ఎలా వస్తామో ఇక్కడా అలాగే, చేతుల్లో కర్రలు మాత్రం ఉండవు. చిన్నప్పుడు కోలాటం ఆడినవాళ్ళకి ఈ దిశలు, మలుపులు ఇట్టే పట్టుబడతాయి. క్లేర్‌లో కాలిడోనియన్ సెట్, ప్లెయిన్ సెట్ ఎక్కువ ఆడతారు, చెక్కనేల మీద కాలితో తాళం కొట్టే 'బ్యాటరింగ్‌'కి ఆ ప్రాంతం పెట్టింది పేరు. రివర్‌డ్యాన్స్ అనే స్టేజీ షోలో చూసే స్టెప్ డ్యాన్స్ వేరు, అది చిన్నప్పటినుంచీ పోటీలకి సాధన చేసే విద్య, పెద్దయ్యాక వారంలో దాని జోలికి వెళ్ళకపోవడమే మంచిది. సెట్లు మాత్రం ఊళ్ళో ఇళ్ళల్లో, వంటింటి రాతిపలకల మీద ఆడుకున్నవి. 1935లో వచ్చిన పబ్లిక్ డ్యాన్స్ హాల్స్ చట్టం డ్యాన్సులకి లైసెన్సు తప్పనిసరి చేసింది, దాన్ని అడ్డం పెట్టుకుని ఇళ్ళల్లో ఆడుకునేవాటినీ ఆపించారు. చాలా పల్లెల్లో సెట్లు దాదాపు మరుగునపడ్డాయి, 1980ల్లో వర్క్‌షాపుల ద్వారానే మళ్ళీ దేశమంతా పాకాయి. అంటే వర్క్‌షాప్ ఈ ఆటకి పక్కనుంచి వచ్చి తగిలించిన హంగు కాదు, దాన్ని బతికించిన దారి. నేను దీన్ని ముందు పెట్టడానికి ఇదీ ఒక కారణం.

ఇక ఫిడిల్. ఇక్కడ మన కర్ణాటక వయొలిన్ నేర్చుకున్నవాళ్ళ గురించి విడిగా చెప్పాలి, ఎందుకంటే "వయొలిన్ వచ్చు కదా, వారంలో అల్లుకుపోతా" అనే ధీమా వీళ్ళకి సహజం. సగం నిజమే. ఇక్కడ పంతులు ఒక చిన్న పదబంధం వాయిస్తాడు, మీరు తిరిగి వాయిస్తారు, తర్వాతది, మళ్ళీ రెండూ కలిపి. నోట్స్ ఇవ్వడం తక్కువ, చెవే పుస్తకం. గురువు ఎదుట కూర్చుని సంగతి సంగతిగా పాఠం చేసినవాళ్ళకి ఇది పుట్టింటి పద్ధతి, కాగితం చూసి నేర్చుకున్న యూరప్ విద్యార్థులు దీనికే తడబడతారు. దీక్షితుల నొట్టుస్వరాల్లో (పాశ్చాత్య బాణీలకి ఆయన కట్టిన చిన్న పాటలు) ఐరిష్ బాణీ మీద కట్టినవీ ఉన్నాయి కాబట్టి చెవికి ఈ నడక మరీ కొత్తా కాదు. జిగ్ అనే డ్యాన్సు బాణీ 6/8లో నడుస్తుంది, తిస్రగతి ఒంట్లో ఉన్నవాళ్ళు వెంటనే పట్టేస్తారు, 9/8 స్లిప్ జిగ్ మొదట్లో కాస్త తికమక పెడుతుంది.

మిగతా సగం కష్టం. మనం తీగల్ని స-ప-స-ప అని శృతి చేస్తాం, వాళ్ళు జి-డి-ఏ-ఇ. మన వరసలో మధ్య రెండు తీగల మధ్య దూరం వేరు, వాళ్ళకి అన్నిటి మధ్యా పంచమం దూరమే. కాబట్టి ఏళ్ళుగా వేళ్ళకి అలవాటైన చోట్లు పై తీగల మీదికి వెళ్ళేసరికి తప్పిపోతాయి. కూర్చునే తీరూ మారాలి, మన పద్ధతిలో వయొలిన్ తల పాదం మీద ఆని నిలకడగా ఉంటుంది, ఇక్కడ కుర్చీలో కూర్చుని గడ్డం కిందో భుజం మీదో పెట్టుకోవాలి. అన్నిటికంటే పెద్ద చిక్కు గమకం. మన వేలు జారుతుంది, ఊగుతుంది. వాళ్ళ కట్, రోల్ అనేవి తీగ మీద వేలు టక్కున తాకి లేచే దెబ్బలు, అవి స్వరాన్ని ఊపవు, లయని విరుస్తాయి. గమకం అలవాటుని వారం పాటు చేతిలోంచి తీసి పక్కన పెట్టగలిగితేనే ఫిడిల్ క్లాసులో చేరండి. అలా పెట్టగలిగినవాళ్ళకి మాత్రం ఇంతకంటే గొప్ప వారం ఉండదని నమ్మకంగా చెప్తాను.

ఏదో ఒక వాయిద్యం కావాలి, అసలేమీ రాదు అనేవాళ్ళకి టిన్ విజిల్. ఆరు రంధ్రాలు, ధర తక్కువ, మన వేణువులా పెదవి కుదిర్చి ఊదే బాధ లేదు, పెట్టి ఊదితే పలుకుతుంది. పిల్లలతో వెళ్తే ఇదే.

బౌరాన్ గురించి ఒక మాట. డప్పు, కంజీర విన్న మనకి చెయ్యి దురద పెడుతుంది, నిజమే. చిన్న పుల్లతో కొడుతూ రెండో చెయ్యి లోపలినుంచి తోలు మీద ఆనించి శృతి ఎక్కించడం దించడం చాలా అందమైన పని. కానీ సెషన్‌లో ఒక బౌరాన్ చాలన్నది మర్యాద. అప్పటికే ఒకరు వాయిస్తుంటే కొత్తవాళ్ళు సంచీ విప్పకూడదు. నేర్చుకున్నదాన్ని నలుగురిలో వాయించే అవకాశం అన్నిటికంటే తక్కువ దీనికే.

చేతిపనులు వేరే లెక్క. విల్లో కొమ్మలతో బుట్ట అల్లితే సాయంత్రానికి చేతిలో ఒక వస్తువు ఉంటుంది, ఆ తృప్తి సంగీతం మొదటి వారంలో ఇవ్వదు. మన మేదరుల పనిలో వెదురుని చీల్చి బద్దలు తీస్తారు, ఇక్కడ కొమ్మని చీల్చకుండా గుండ్రంగా ఉన్నదాన్నే వంచుతారు, అందుకే ఎండు కొమ్మల్ని రోజుల తరబడి నీళ్ళలో నానబెట్టాలి. ఆ పనంతా నేర్పేవాళ్ళు ముందే చేసి ఉంచుతారు కాబట్టి మీకు ఒక్క రోజు సరిపోతుంది. ఫిబ్రవరి 1న సెయింట్ బ్రిజిడ్ రోజుకి తుంగతో అల్లే శిలువ ఇంకా తేలిక, గంటలో అయిపోతుంది. 2023 నుంచి ఆ పండగకి దేశమంతా సెలవు ఇస్తున్నారు, ఆ రోజుల్లో చాలాచోట్ల నేర్పుతారు. వారం సెలవు దీనికి ఖర్చుపెట్టొద్దు అంటున్నాను తప్ప తక్కువ చేసి కాదు. నేత మగ్గం మాత్రం వారం అడిగే పని, దానికి దేశం వాయవ్య మూలనున్న డోనెగల్ కౌంటీ వైపు చూడాలి.

డోనెగల్ అన్నాను కాబట్టి ఊరి సంగతి. మిల్‌టౌన్ మాల్‌బేలో ఆ వారం జనం కిక్కిరిసి ఉంటారు, గొప్ప గొప్ప వాద్యకారులు కనపడతారు, కానీ కొత్తవాళ్ళు గుంపులో తప్పిపోయినట్టు అనిపించడం మామూలే. డోనెగల్ నైరుతి కొసన గ్లెన్‌కొలమ్‌కిల్ అనే ఐరిష్ మాట్లాడే ఊరుంది, 1984లో మొదలైన ఓయిడస్ గేల్ అనే సంస్థ అక్కడ పెద్దవాళ్ళకి ఐరిష్ భాష నేర్పుతుంది, దాంతోపాటు సెట్ డ్యాన్స్, నేతలాంటివీ పెడుతుంటారు. చిన్న ఊరు, చిన్న తరగతులు, రెండో రోజుకల్లా కొట్లో అమ్మేవాళ్ళకి కూడా మీ మొహం తెలిసిపోతుంది. పొద్దున నేర్చుకున్న పలకరింపు మాట సాయంత్రం వీధిలో నిజంగా పనికొస్తుంది. ఒంటరిగా వెళ్ళేవాళ్ళకి, బిడియస్తులకి నేను ఇదే చెప్తాను. సంగీతం ముందే వచ్చినవాళ్ళకి మాత్రం క్లేర్‌కి సాటి లేదు.

కెనడాలో ఉన్నవాళ్ళు ఇంత దూరం రానక్కర్లేదు. నోవా స్కోషియాలో కేప్ బ్రెటన్ దీవికి స్కాట్లాండ్ నుంచి గేలిక్ (ఐరిష్‌కి దగ్గరి చుట్టం లాంటి భాష) మాట్లాడే జనం రెండు శతాబ్దాల క్రితం వలస వెళ్ళి పాటలూ అడుగులూ వెంట తీసుకెళ్ళారు, అక్కడ సెయింట్ ఆన్స్‌లో 1938 నుంచి ఒక గేలిక్ కాలేజీ ఉంది. వీలైతే మిల్లింగ్ అనే దాంట్లో కూర్చోండి: తడి ఉన్నిబట్టని బల్ల మీద అందరూ కలిసి బాదుతూ పాడతారు, పల్లవి అందుకుంటే చాలు, మీరూ అందులో ఉన్నట్టే.

ప్రయాణం గురించి. మిల్‌టౌన్ మాల్‌బేకి రైలు లేదు, ఎన్నిస్‌లో దిగి బస్సో కారో చూసుకోవాలి, ఆ వారానికి గదులు నెలల ముందే అయిపోతాయి, దొరక్కపోతే లహించ్, ఎన్నిస్టైమన్ వైపు వెతకండి. పిల్లలుంటే రాత్రి సెషన్ల మీద ఆశలు పెట్టుకోకండి, వేసవిలో పదింటి తర్వాత పిల్లల్ని పబ్బులో ఉండనివ్వరు. ఇండియన్ పాస్‌పోర్ట్ మీద ఐర్లాండ్‌లో ఉద్యోగాలు చేసుకుంటున్నవాళ్ళు డోనెగల్‌కి ఎలా వెళ్తున్నారో ముందే చూసుకోండి. డబ్లిన్ నుంచి డోనెగల్ టౌన్‌కి నేరుగా వెళ్ళే బస్సు ఎన్నిస్కిలెన్ మీదుగా పోతుంది, అది ఉత్తర ఐర్లాండ్, అంటే యూకే వీసా కావాలి, దారిలో ఆపేవాళ్ళు కనపడకపోయినా చట్టం చట్టమే. రైల్లో స్లైగో దాకా వెళ్ళి అక్కడ డోనెగల్ టౌన్ బస్సు ఎక్కితే సరిహద్దు దాటే పనే ఉండదు.