జాగ్రత్త: ‘మహా చిత్రకారుల ప్రదర్శన’ టికెట్ కొనేముందు గోడ మీద ఏముంటుందో కనుక్కోండి

బొమ్మలంటే ఇష్టం ఉండి, వీలు దొరికినప్పుడల్లా ప్రదర్శనలకు వెళ్లే నాలాంటి మామూలు ప్రేక్షకుల కోసం ఇది రాస్తున్నాను. ఈమధ్య ‘ప్రపంచ ప్రఖ్యాత చిత్రాలన్నీ ఒకేచోట’ అని ప్రకటన ఇచ్చిన ఒక ప్రదర్శనకు ఆన్‌లైన్‌లో టికెట్ కొని వెళ్లాను. లోపల అసలు చిత్రం ఒక్కటంటే ఒక్కటి లేదు. అన్నీ ప్రింట్లు, చివర్లో ఒక గది నిండా ప్రొజెక్టర్లు. ప్రకటనలో గానీ టికెట్ మీద గానీ ఇవి నకళ్లన్న మాటే లేదు. కౌంటర్‌లో అడిగితే, వెబ్‌సైట్ నిబంధనల పేజీలో అట్టడుగున చిన్న అక్షరాల్లో ఉన్న ఒక్క వాక్యం చూపించారు. అందులో ‘డిజిటల్ పునరుత్పత్తులు’ అని ఉంది. డబ్బు వాపసు కుదరదని కూడా అక్కడే ఉంది.

నిర్వాహకుల పేరు రాయడం లేదు. ఇదే పద్ధతిలో నడిచేవి చాలా ఉన్నాయి కాబట్టి ఒక పేరు చెప్పడం కంటే పద్ధతి చెప్పడమే మీకు ఎక్కువ పనికొస్తుంది.

నాకు అన్నిటికంటే బాధ కలిగించింది మోనాలిసా దగ్గర. దగ్గరికెళ్లి చూస్తే ఆమె చెంప మీద, నుదుటి మీద అడ్డంగా నిలువుగా కాన్వాస్ నేత స్పష్టంగా కనిపిస్తోంది. లియొనార్డో ఆ చిత్రాన్ని వేసింది గుడ్డ మీద కాదు, పోప్లర్ చెక్క పలక మీద. అసలు చిత్రం సుమారు 77 సెంటీమీటర్ల ఎత్తు, 53 సెంటీమీటర్ల వెడల్పు మాత్రమే ఉంటుంది. అక్కడ పెట్టింది అంతకు రెట్టింపు ఉంది. పక్కనున్న చీటీలో చిత్రకారుడి పేరు, చిత్రం పేరు రాశారు తప్ప దేని మీద వేశారో, ఎంత సైజో, ఇప్పుడు ఎక్కడుందో ఒక్క ముక్క లేదు. నా ముందు నిలబడ్డ ఒక కుటుంబం పిల్లలకు ‘ఇదే అసలు మోనాలిసా’ అని చెబుతోంది. 1963లో అమెరికాకూ, 1974లో జపాన్‌కూ, ఆ తిరుగు ప్రయాణంలో మాస్కోకూ వెళ్లొచ్చాక ఆ చిత్రం ఫ్రాన్స్ దాటలేదు. అది ఉన్న పారిస్ కాక వేరే ఏ ఊళ్లోనైనా మోనాలిసాను చూపిస్తామని పోస్టర్ వేస్తే అది నకలేనని నిస్సందేహంగా అనుకోవచ్చు.

ఇందులో చట్టవిరుద్ధం ఏముందని మీరు అడగొచ్చు. నకలు వేసుకోవడంలో తప్పేమీ లేదు. వాన్ గో 1890లో చనిపోయాడు, ఆయన చిత్రాల మీద ఎవరికీ కాపీరైట్ లేదు. ఎవరైనా ప్రింట్ తీసి గోడకు తగిలించవచ్చు, తెర మీద వేయవచ్చు. అందుకే ఒకే చిత్రకారుడి పేరు మీద వేర్వేరు కంపెనీలు దాదాపు ఒకేలాంటి పేర్లతో టికెట్లు అమ్ముతాయి. 2021లో అమెరికాలో వాన్ గో ప్రొజెక్షన్ షోల విషయంలో జనం ఎంత తికమకపడ్డారంటే, వ్యాపారాల మీద ఫిర్యాదులు చూసే అక్కడి బెటర్ బిజినెస్ బ్యూరో అనే సంస్థ వినియోగదారులకు హెచ్చరిక జారీ చేయాల్సి వచ్చింది. నా ఫిర్యాదు నకలు పెట్టినందుకు కాదు. నకలని చెప్పకుండా డబ్బు తీసుకున్నందుకు.

చెప్పి చూపించేవాళ్లూ ఉన్నారు. పారిస్‌లో 2018లో మొదలైన అతెలియే ద ల్యుమియేర్ తనది డిజిటల్ కళాకేంద్రమని పైకే చెప్పుకుంటుంది. ఒకప్పుడు లోహం పోతపోసిన ఆ పాత ఫౌండ్రీ గోడల నిండా కదిలే రంగుల్ని, సంగీతాన్ని చూడటానికే జనం అక్కడికి వెళ్తారు, అది తెలిసే టికెట్ కొంటారు. ఇలాంటి షోలు కొన్ని నిజంగా బాగుంటాయి, పిల్లలకు మరీ నచ్చుతాయి.

ఇక టికెట్ కొనేముందు చూడాల్సినది. ప్రకటనలో ‘అనుభవం’, ‘ఇమ్మర్సివ్’, ‘360 డిగ్రీలు’, ‘చిత్రాల్లోకి అడుగుపెట్టండి’ లాంటి మాటలుంటే అది ప్రొజెక్షన్ అనే అర్థం. అసలు చిత్రాలు తెచ్చినవాళ్లు ఆ సంగతి దాచుకోరు. ఏ మ్యూజియం నుంచి ఏ చిత్రం అరువు తెచ్చారో పెద్ద అక్షరాల్లో చెప్పుకుంటారు, ఎందుకంటే ఆ అరువు సంపాదించడానికి ఏళ్లు పడుతుంది. పదిహేడో శతాబ్దపు డచ్ చిత్రకారుడు వెర్మీర్ చిత్రాలు ప్రపంచం మొత్తం మీద 37కు మించి లేవు. ఆమ్‌స్టర్‌డామ్‌లోని రైక్స్‌మ్యూజియం 2023లో వాటిలో 28 ఒకచోట చేర్చితే, అంతకుముందు ఎప్పుడూ అన్ని కలిసింది లేదని లోకమంతా చెప్పుకుంది. అలాంటిది ‘వెర్మీర్ చిత్రాలన్నీ మీ ఊళ్లో’ అంటే ఎలా నమ్ముతాం? అనుమానం వస్తే ఒక ఈమెయిల్ పెట్టి ‘ఒరిజినల్స్ ఎన్ని ఉన్నాయి?’ అని సూటిగా అడగండి. అంకె చెప్పకుండా ‘అద్భుతమైన అనుభూతి’ గురించి జవాబు వస్తే ఆగిపోండి.

నకిలీ టికెట్ సైట్లతో కూడా జాగ్రత్త. వెతికినప్పుడు పైన వచ్చే ప్రకటన లింకు చాలాసార్లు మ్యూజియంది కాదు, ఎక్కువ ధరకు తిరిగి అమ్మేవాళ్లది. ‘ఇంకా రెండే టికెట్లు’ అని గడియారం తిరుగుతుంటే కంగారుపడొద్దు. మ్యూజియం సొంత సైట్‌లోంచే టికెట్ పేజీకి వెళ్లండి.

బయటికొచ్చే దారిలో ఉన్న దుకాణం గురించి మాత్రం కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే టికెట్ కంటే పెద్ద మొత్తం పోయేది అక్కడే. ‘లిమిటెడ్ ఎడిషన్’ అని కాన్వాస్ ప్రింట్లు, ఒక్కోదానికి బంగారు ముద్ర వేసిన సర్టిఫికెట్ అమ్ముతున్నారు. ఒకటి చేత్తో పట్టుకుని వెలుతురుకు ఏటవాలుగా తిప్పి చూశాను. పైన మందంగా, పారదర్శకంగా ఒక జెల్ పూశారు, చేత్తో తడిమితే కుంచె గీతల్లా తగులుతుంది. కానీ ఆ గీతలు ఒక దిక్కుకు, బొమ్మలో కనిపించే కుంచె దెబ్బలు ఇంకో దిక్కుకు పోతున్నాయి. ఫోన్ కెమెరాతో బాగా జూమ్ చేస్తే రంగుల చుక్కలు విడివిడిగా కనిపించాయి. అంటే అది ఇంక్‌జెట్ ప్రింట్. దానికి ‘జిక్లే’ అని గొప్ప పేరు పెట్టినా అదే. గదిలో అలంకరణకు బాగానే ఉంటుంది, కానీ పెట్టుబడి అని అమ్మేవాళ్ల మాట నమ్మొద్దు. ‘లిమిటెడ్’ అంటే ఎన్ని కాపీలో ఎప్పుడో చనిపోయిన చిత్రకారుడు నిర్ణయించలేదు, ఆ ప్రింట్‌ను చూడను కూడా లేదు. సర్టిఫికెట్ ఇచ్చింది కూడా అమ్మేవాడే.

చిత్రకారుడి సంతకం ఉన్నా సరే, దానిని మాత్రమే నమ్ముకోవద్దు. స్పెయిన్ చిత్రకారుడు సాల్వడోర్ డాలీ, తర్వాత బొమ్మ ప్రింట్ చేసుకునేందుకు వీలుగా, ఖాళీ కాగితాల మీద వేలకొద్దీ సంతకాలు చేశాడు. 1974లో ఫ్రెంచ్ కస్టమ్స్ వాళ్లు ఆపిన ఒక ట్రక్కులో ఆయన సంతకంతో అలాంటి ఖాళీ కాగితాలు 40,000 దొరికాయి. డాలీ ప్రింట్ల మార్కెట్‌లో ఏది ఆయనదో ఏది కాదో తేల్చడం ఇప్పటికీ తలనొప్పే.

ఇప్పటికే ఇలాంటి టికెట్ కొనేసి ఉంటే, వెళ్లకముందే ప్రకటనకూ, నిబంధనల పేజీకీ తేదీ కనిపించేలా స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి, తర్వాత పేజీ మార్చేస్తే రుజువు ఉండదు. లోపల చీటీలను ఫొటో తీయండి. వాపసు ఫోన్‌లో కాకుండా రాతపూర్వకంగా అడగండి. కార్డుతో కట్టి ఉంటే, చెప్పినదానికీ చూపించినదానికీ తేడా ఉందని బ్యాంకులో డిస్ప్యూట్ వేయండి. దానికి గడువుంటుంది కాబట్టి ఆలస్యం చేయొద్దు. నేనూ వేశాను, ఇంకా తేలలేదు. బ్యాంకు నన్ను మొదట అడిగింది ఆ ప్రకటన కాపీనే.