క్లినికల్ సైకాలజీ డాక్టరేట్ అప్లికేషన్: నెట్ సెంటర్‌కి ఏ పని ఇవ్వాలి, ఏది ఇవ్వకూడదు

విజయనగరం ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర ఆన్‌లైన్ అప్లికేషన్లు చేసిపెట్టే నెట్ సెంటర్లకి కొదవలేదు. డీఎస్సీ, గ్రూప్-2, నీట్, పాన్ కార్డు అన్నీ అక్కడే అయిపోతాయి. విదేశీ యూనివర్సిటీల ఫారాలు కూడా చేస్తామనే సెంటరు ఒకదాని పనితనం మీద ఈ రివ్యూ. అది కూడా ఒక్క కోణంలోనే: బ్రిటన్‌లో క్లినికల్ సైకాలజీ డాక్టరేట్‌కి అప్లై చేసేవాళ్లకి ఎంతవరకు పనికొస్తుంది? సెంటరు పేరు రాయడం లేదు. ఇక్కడ చెప్పే మంచిచెడ్డలు శ్రీకాకుళంలోని సెంటర్లకీ సరిపోతాయి.

స్కానింగుకి అయిదుకి అయిదు. ఫారం నింపడానికి మూడు. పర్సనల్ స్టేట్‌మెంట్ రాసిపెట్టే ‘ప్యాకేజీ’కి సున్నా.

స్కానింగు నిజంగా బాగుంది. ఫ్లాట్‌బెడ్ మీద, కలర్‌లో, మార్కుల మెమో రెండు వైపులా తీస్తారు. వెనక వైపు ఎందుకంటే చాలా మెమోల్లో గ్రేడింగ్ వివరం అక్కడే ఉంటుంది, అది లేకపోతే అవతలివాళ్లకి అంకెలు అర్థం కావు. ఒక్కటి మాత్రం మనమే అడగాలి. ఫైలు పెద్దదైతే కుర్రాళ్లు వెంటనే ఏదో వెబ్‌సైట్‌లో పెట్టి కుదించేస్తారు, దాంతో యూనివర్సిటీ ముద్ర అలుక్కుపోతుంది. కుదించే బదులు 300 డీపీఐ నుంచి 200కి తగ్గించి మళ్లీ స్కాన్ చేయమనండి. రేటు పేజీ లెక్కనా, ఫైలు లెక్కనా అన్నది కూడా ముందే తేల్చుకోండి.

ఫారం దగ్గర మూడు చోట్ల తేడా వస్తోంది. మొదటిది, అకౌంట్ తెరిచేటప్పుడు పని త్వరగా అవుతుందని సెంటరు మెయిల్ ఐడీ, సెంటరు ఫోన్ నంబరు ఇచ్చేస్తారు. డీఎస్సీ ఫారానికి అది నడుస్తుందేమో గానీ, ఇంటర్వ్యూ పిలుపు నెలల తర్వాత మెయిల్‌కి వచ్చే చోట నడవదు. రెండోది పేరు. టెన్త్ సర్టిఫికెట్‌లో ఇంటిపేరు పొడి అక్షరంగా, పాస్‌పోర్టులో పూర్తిగా ఉండటం మన దగ్గర మామూలే. పాస్‌పోర్టులో ఎలా ఉంటే ఫారంలో అలాగే వెయ్యాలి. మూడోది మార్కులు. శాతాన్ని బ్రిటిష్ డిగ్రీ క్లాసుల్లోకి (ఫస్ట్, 2:1 లాంటివి) సొంతంగా మార్చి పెడుతున్నారు. మెమోలో ఉన్నదే రాయించండి, పోల్చి చూసుకునే పని యూనివర్సిటీవాళ్లది.

కోర్సుల ఎంపిక కూడా సెంటరుకి వదిలేది కాదు. బ్రిటన్‌లో చాలా కోర్సులకి లీడ్స్‌లోని క్లియరింగ్ హౌస్ (కోర్సుల తరఫున అప్లికేషన్లు తీసుకునే ఉమ్మడి ఆఫీసు) ద్వారానే అప్లై చేయాలి. ఒకే ఫారం, నాలుగు కోర్సుల దాకా పెట్టుకోవచ్చు. సెంటరువాళ్లు ర్యాంకింగుల జాబితా చూసి నాలుగు పెద్ద పేర్లు టిక్ పెట్టేస్తారు. ఇది మూడేళ్ల కోర్సు. అక్కడివాళ్లకి ఫీజు, జీతం ఎన్‌హెచ్‌ఎస్ (బ్రిటన్ ప్రభుత్వ వైద్య సేవ) నిధుల నుంచే వస్తాయి, ట్రైనీలు అందులోని జీతాల మెట్లలో బ్యాండ్ 6 మీద ఉద్యోగులు. బయటి దేశాలవాళ్లని సొంత ఖర్చు మీద తీసుకునే కోర్సులు కొన్నే. కాబట్టి ముందు ఒక్కో కోర్సు పేజీలో విదేశీ అభ్యర్థుల గురించిన భాగం చదివి, ఆ తర్వాతే నాలుగూ ఎంచుకోవాలి. దానికంటే ముందు, మన డిగ్రీని బ్రిటిష్ సైకలాజికల్ సొసైటీ తన జీబీసీకి (చార్టర్డ్ సభ్యత్వానికి కావాల్సిన సైకాలజీ డిగ్రీ అర్హత) సరిపోతుందని ఒప్పుకోవాలి. బీఏలో సైకాలజీ మూడు సబ్జెక్టుల్లో ఒకటిగా మాత్రమే చదివినవాళ్లు ఇక్కడే తేల్చుకోవడం మంచిది. దానికి ట్రాన్స్‌క్రిప్టులు, సిలబస్ కావాలి. అవి యూనివర్సిటీ నుంచి రావాలి, ఏ సెంటరూ తెచ్చివ్వలేదు. ఫారం సెప్టెంబరులో తెరిచి నవంబరులో మూసేస్తారు. సరిగ్గా మధ్యలో దసరా సెలవులు, ఆ వెంటనే సిరిమానోత్సవం. ట్రాన్స్‌క్రిప్టు పని ఆగస్టులోపే కదిలించాలి.

రిఫరెన్సుల విషయంలో సెంటరు చేసేది తప్పు మాత్రమే కాదు, ప్రమాదం కూడా. ఫారంలో ఇద్దరి పేర్లివ్వాలి, ఒకరు చదువు గురించి, ఇంకొకరు పని గురించి చెప్పగలవాళ్లు. ‘సార్‌కి మెయిల్ చూడటం రాదండీ, మేమే ఒక ఐడీ తెరిచి పంపించేస్తాం’ అంటారు. ఒప్పుకోవద్దు. దొరికితే అప్లికేషనంతా పోతుంది. లెక్చరర్‌కి కాలేజీ మెయిల్ ఉందో లేదో కనుక్కుని, గడువుకి నెల ముందే కలిసి, మీరు చేసిన ప్రాజెక్టు వివరం ఒక పేజీలో రాసి ఇవ్వండి.

ఇక స్టేట్‌మెంట్. సెంటరు కంప్యూటర్‌లో ఉన్న నమూనా ‘చిన్నప్పటినుంచి మనుషుల మనసంటే నాకు ఆసక్తి’ అని మొదలై, ‘మీ ప్రతిష్ఠాత్మక సంస్థలో’ అని ముగుస్తుంది. పేరు మార్చి అదే అందరికీ ఇస్తారు. నాలుగు కోర్సులకీ వెళ్లేది ఒకే ఫారం కాబట్టి ఏ ఒక్క సంస్థనీ పొగడటానికి వీల్లేదు కూడా! సెలక్షన్‌లో వాళ్లు చూసేది వేరు: ఏ పని చేశారు, వారానికి ఎన్ని గంటలు, ఎవరి పర్యవేక్షణలో, దాని నుంచి మీ ఆలోచన ఎలా మారింది.

ఉదాహరణకి ఉద్దానం వైపు డయాలసిస్ రోగులతో పనిచేసిన అభ్యర్థిని తీసుకోండి. ‘ఎంతోమంది కిడ్నీ రోగులకి కౌన్సెలింగ్ చేసి డిప్రెషన్ తగ్గించాను’ అని రాస్తే పని చెడుతుంది. శిక్షణ లేనివాళ్లు చికిత్స చేశామని చెప్పుకోవడం అక్కడ తప్పు కిందే లెక్క. ‘పర్యవేక్షకురాలి కింద పీహెచ్‌క్యూ-9 (డిప్రెషన్ లక్షణాల ప్రశ్నావళి) అడిగి రాసుకున్నాను’ అనడం నిజం, అది చాలు. అందులో 9 ప్రశ్నలు, ఒక్కోదానికి 0 నుంచి 3, మొత్తం 27. అసలు విషయం దీని తర్వాత రాయాలి. నీరసం, నిద్ర, ఆకలి గురించి అడిగే ప్రశ్నలకి కిడ్నీ జబ్బు వల్లే స్కోరు పెరుగుతుంది, కాబట్టి 10 దాటినంత మాత్రాన డిప్రెషన్ అని తేల్చలేం. ఇది గమనించి పర్యవేక్షకురాలితో ఏం చర్చించారో రెండు వాక్యాల్లో రాయండి. తొమ్మిదో ప్రశ్న చనిపోవాలనే, తనకి హాని చేసుకోవాలనే ఆలోచనల గురించి. ఎవరైనా దానికి ‘అవును’ అంటే అదే రోజు ఎవరికి చెప్పారు? ఏ పని మీ చేతిలో లేదని గుర్తించారు? తన హద్దు తెలిసిన మనిషి అని చూపించే వాక్యం ఇదే. రోగి పేరు, ఊరు, గుర్తుపట్టగల వివరం ఏదీ ఉండకూడదు. ఊరు చిన్నదైతే వృత్తి రాసినా పోల్చేస్తారు.

అలాంటి అనుభవం ఇంకా లేనివాళ్లు జిల్లా ఆసుపత్రిలోని డీఈఐసీ (పిల్లల ఎదుగుదల లోపాలని ముందే గుర్తించే కేంద్రం), మండలాల్లో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిచే భవిత కేంద్రాలు, విశాఖ మానసిక వైద్యశాల దగ్గర అడిగి చూడొచ్చు. పక్కన ఆర్‌సీఐ (రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) రిజిస్ట్రేషన్ ఉన్న క్లినికల్ సైకాలజిస్టు ఉంటేనే ఆ గంటలకి బరువు.

మన దేశంలోనే చదవాలనుకునేవాళ్లకి ఒక హెచ్చరిక. సెంటరువాళ్లకి డాక్టరేట్ అంటే అన్నీ ఒకటే, సైకాలజీ పీహెచ్‌డీ నోటిఫికేషన్ చూపించి నింపేస్తారు. మామూలు పీహెచ్‌డీతో క్లినికల్ సైకాలజిస్టుగా ఆర్‌సీఐ రిజిస్ట్రేషన్ రాదు. డాక్టరేట్‌తోనే అది రావాలంటే ఆర్‌సీఐ ఆమోదించిన సైడీ (Psy.D., క్లినికల్ సైకాలజీ వృత్తి డాక్టరేట్) కావాలి. ఎంఫిల్ దారిలో వెళ్దామంటే, 2025-26 ప్రవేశాలతో యూజీసీ ఆపుతున్నట్టు చెప్పింది. ఏ సంస్థకైనా డబ్బు కట్టే ముందు, ఈ ఏడాదికి దాని ఆమోదం ఉందో లేదో ఆర్‌సీఐ వెబ్‌సైట్‌లోనే చూసుకోండి, బ్రోషర్‌లో కాదు.

గడువు వేళ బ్రిటన్ గడియారం ప్రకారం. అక్టోబరు చివరి ఆదివారం దాటాక తేడా అయిదున్నర గంటలు, అంటే అక్కడ మధ్యాహ్నం ఒంటిగంట ఇక్కడ సాయంత్రం ఆరున్నర. సెంటరు కిటకిటలాడే వేళ అది, పైగా కరెంటు పోయే భయం. రెండు రోజుల ముందే సబ్మిట్ కొట్టండి.

బయటికొచ్చే ముందు వాట్సాప్ వెబ్ లాగౌట్ చేయించండి. డెస్క్‌టాప్ మీద మీ పేరుతో ఉన్న ఫోల్డరు, డౌన్‌లోడ్స్‌లో మిగిలిన పాస్‌పోర్టు కాపీ తీసేయించి, రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చేయించండి. అడిగితే చేస్తారు, అడగకపోతే అవి అక్కడే ఉంటాయి.