స్ట్రింగులకు, నంబర్లకు సొంత మెథడ్లు: ఏళ్ల తరబడి వాడాక

ప్రోగ్రామింగ్ భాషతో వచ్చే స్ట్రింగ్ (అక్షరాల వరుస), పూర్ణాంకం, డెసిమల్ లాంటి టైపులకు మనకు కావలసిన ఫార్మాటింగ్ మెథడ్లు (విలువ పక్కన చుక్క పెట్టి పిలిచే ఫంక్షన్లు) తగిలించుకునే సౌకర్యాన్ని సీ షార్ప్‌, డెల్ఫీ, జావాస్క్రిప్ట్‌లలో చాలాకాలం వాడాక రాస్తున్న సమీక్ష ఇది. ముందే చెప్పేస్తాను: సీ షార్ప్‌లో హాయి, డెల్ఫీలో ఇరుకు, జావాస్క్రిప్ట్‌లో ఆ జోలికి పోకపోవడమే మేలు.

లాభం చదవడంలో ఉంది. ఖాళీలు తీసెయ్యి, కుదించు, కామాలు పెట్టు అనే మూడు ఫంక్షన్లను ఒకదానిలో ఒకటి ఇరికిస్తే లోపలి బ్రాకెట్ నుంచి బయటికి చదువుకోవాలి. అవే మెథడ్లయితే ఎడమ నుంచి కుడికి, పని జరిగే వరుసలోనే కనిపిస్తాయి. ఎడిటర్‌లో చుక్క పెట్టగానే జాబితాలో వస్తాయి కాబట్టి అదే హెల్పర్‌ను (ఇలాంటి చిన్న సహాయక ఫంక్షన్‌ను) మళ్లీ ఇంకొకరు రాయడమూ తగ్గుతుంది.

సీ షార్ప్‌లో ఇది ఎక్స్‌టెన్షన్ మెథడ్ పేరుతో 2007లో 3.0 వెర్షన్‌తో వచ్చింది. స్టాటిక్ క్లాసు, అందులో స్టాటిక్ మెథడ్ (ఆబ్జెక్టు లేకుండానే పిలిచేది), మొదటి పారామీటరు ముందు 'దిస్' అనే మాట, అంతే. అసలు టైపు ఏమీ మారదు. కంపైలర్ దాన్ని మామూలు స్టాటిక్ కాల్‌గా మార్చేస్తుంది. అందుకే నల్ (విలువ ఏమీ లేని స్థితి) మీద పిలిచినా పిలుపు దగ్గర పేలదు, మెథడ్ లోపలికి వెళ్తుంది. 'ఖాళీయా?' అని అడిగే హెల్పర్‌కు ఇది వరం. కుదించే హెల్పర్‌లో మాత్రం మొదటి లైనులోనే నల్ సంగతి తేల్చాలి.

అసలు ప్రమాదం చప్పుడు చేయనిది. టైపుకు సొంతంగా అదే పేరు, అవే పారామీటర్లతో మెథడ్ ఉంటే ఎప్పుడూ దానిదే గెలుపు. పెద్ద అక్షరం, చిన్న అక్షరం తేడా లేకుండా వెతికే 'కంటెయిన్స్' హెల్పర్ ఒకప్పుడు చాలా కోడ్‌బేసుల్లో ఉండేది. సీ షార్ప్ నడిచే డాట్‌నెట్ కోర్ 2.1లో అలాంటిదే స్ట్రింగులోకి వచ్చింది. మళ్లీ కంపైల్ చేశాక మన హెల్పర్ ఫైలులో ఉంటుంది, పిలుపు మాత్రం దానికి రాదు. ఎర్రర్ ఉండదు. నల్‌కు 'కాదు' అని జవాబిచ్చేలా రాసుకున్నవాళ్లకు ఆ రోజు నుంచి ఎక్సెప్షన్లు (నడుస్తుండగా వచ్చే ఎర్రర్లు) మొదలు. ఇంకో మాట: 'ఆబ్జెక్ట్' మీద ఎక్స్‌టెన్షన్ రాయొద్దు, ప్రతి చుక్క దగ్గరా అది పలకరిస్తుంది.

డెల్ఫీలో ఈ పని చేసే రికార్డు హెల్పర్‌కు ఒకటే షరతు, ఒకటే తలనొప్పి: ఒక టైపుకు ఒక చోట ఒక్క హెల్పరే పనిచేస్తుంది. స్ట్రింగుకు మనది రాయగానే డెల్ఫీతోనే వచ్చే సిస్‌యుటిల్స్ యూనిట్ ఇచ్చే హెల్పర్ మరుగున పడి, నిన్నటిదాకా కంపైలైన ఖాళీలు తీసే 'ట్రిమ్' దొరకడం లేదంటుంది. రికార్డు హెల్పర్లకు వారసత్వం లేదు కాబట్టి దాన్ని కలుపుకోవడమూ కుదరదు. అక్కడ మామూలు ఫంక్షన్లే నయం.

జావాస్క్రిప్ట్‌లో ప్రోటోటైప్ (ఆ టైపు విలువలన్నీ పంచుకునే ఆబ్జెక్టు) మీద పెట్టింది ఆ పేజీలోని ప్రతి స్క్రిప్టుకూ అంటుకుంటుంది. స్ట్రింగులో వెతికే మెథడ్‌కు మొదట అనుకున్న పేరు 'కంటెయిన్స్'. మూటూల్స్ లైబ్రరీ అదే పేరుతో ముందే తగిలించి ఉండటంతో పాత సైట్లు విరిగాయి. చివరికి ప్రమాణంలో 'ఇన్‌క్లూడ్స్' అని మార్చారు. ఎవరో చేసిన చిన్న సౌకర్యానికి భాషే పక్కకు జరగాల్సి వచ్చిందన్నమాట. తప్పదంటే డిఫైన్‌ప్రాపర్టీతో పెట్టండి. నేరుగా కేటాయిస్తే ఫర్-ఇన్ లూపుల్లో (ఆబ్జెక్టులోని పేర్లను వరుసగా చూసేవి) ఆ పేరు తేలుతుంది. స్ట్రిక్ట్ మోడ్ (కఠిన నియమాల మోడ్) లేకపోతే లోపలి 'దిస్' స్ట్రింగు కాదు, స్ట్రింగును చుట్టిన ఆబ్జెక్టు. అందుకే మూడు సమానాల (===) పోలిక తప్పుతుంది.

ఇన్ని చెప్పినా, బగ్గులు ఎక్కువగా వచ్చేది తగిలించే పద్ధతి వల్ల కాదు, లోపల రాసే ఫార్మాటింగ్ వల్ల. జావాస్క్రిప్ట్‌లో 1.005ను టుఫిక్స్‌డ్‌తో రెండు స్థానాలకు కుదిస్తే 1.01 రాదు, 1.00 వస్తుంది. బైనరీలో నిల్వ ఉన్న విలువ 1.005 కంటే రవ్వంత తక్కువ కాబట్టి. సీ షార్ప్‌లో మ్యాథ్.రౌండ్ 2.5ను 2 చేస్తుంది, 3.5ను 4 చేస్తుంది. సగం దగ్గర సరిసంఖ్య వైపు మొగ్గడం దాని డిఫాల్ట్. హెల్పర్‌లో రౌండింగ్ పద్ధతిని పారామీటరుగా రాయించండి, డబ్బు లెక్కకు డెసిమల్ టైపే వాడండి.

కల్చర్ (దేశం, భాషను బట్టి అంకెలు, అక్షరాలు రాసే సెట్టింగు) ఇంకో గొయ్యి. 'ఎన్2' ఫార్మాట్ (రెండు దశాంశ స్థానాల సంఖ్య) జర్మన్ సెట్టింగులో 1.234,50 అని ఇస్తుంది; అది సీఎస్‌వీలో (కామాలతో విడదీసే ఫైలులో) పడితే ఒక నిలువు వరుస రెండవుతుంది. టర్కిష్ కల్చర్‌లో చిన్న 'ఐ'ని పెద్దక్షరం చేస్తే పైన చుక్క మిగిలే ఉంటుంది, వెతకడానికి వాడే కీలు (keys) సరిపోలవు. ఫైలుకు ఒకటి (ఎక్కడా మారని ఇన్వేరియంట్ కల్చర్‌తో), తెరకు ఒకటి, ఇలా రెండు వేర్వేరు పేర్లతో హెల్పర్లు ఉండాలి. కామాలను మూడేసి అంకెలకు రెజెక్స్‌తో (నమూనాతో వెతికే సూత్రంతో) పెట్టడం మానండి, 12,34,567 అని రాసేవాళ్లూ ఉన్నారు. జావాస్క్రిప్ట్‌లో ఇంటిల్ నంబర్‌ఫార్మాట్‌కు లొకేల్ (భాష, ప్రాంతం కోడ్) ఇస్తే అదే చూసుకుంటుంది. కాకపోతే ఆ ఆబ్జెక్టును పిలిచిన ప్రతిసారీ సృష్టించకుండా దాచుకోండి, పెద్ద టేబుళ్లలో తేడా తెలుస్తుంది. టెస్టుల్లో ఫ్రెంచ్ ఫలితం కంటికి ఒకేలా ఉన్నా సరిపోలలేదంటే, మధ్యలో ఉన్నది మామూలు ఖాళీ కాదు, విరగని సన్న ఖాళీ.

తెలుగు టెక్స్టుకు అన్నిటికంటే ప్రమాదకరం కుదించే హెల్పర్. 'లక్ష్యం' చూడటానికి రెండక్షరాలు, పొడవు అడిగితే 7 (పొల్లులు, సున్నా విడిగా లెక్కకొస్తాయి). నాలుగు దగ్గర కోస్తే 'లక్ష' అవుతుంది, అర్థమే వేరు! సీ షార్ప్‌లో స్ట్రింగ్‌ఇన్ఫో, జావాస్క్రిప్ట్‌లో ఇంటిల్ సెగ్మెంటర్ వాడి గ్రాఫీమ్ (చదివేవారికి ఒక్క అక్షరంగా కనిపించే ముక్క) హద్దుల దగ్గరే కోయాలి. అదీ పూర్తి భరోసా కాదు: తెలుగు ఒత్తులను ఒకే ముక్కగా ఉంచే నియమం యూనికోడ్ 15.1లో, 2023లో వచ్చింది. అంతకుముందు నియమాలతో నడిచే రన్‌టైములు (ప్రోగ్రాములను నడిపే వ్యవస్థలు) ఇదే మాటను 4 ముక్కలు చేస్తాయి. కోసిన చోటుకు ముందు పొల్లు కనిపిస్తే ఒక ముక్క వెనక్కి జరిగే లూపు ఒకటి హెల్పర్‌లో రాసి పెట్టుకోండి.